మా డ్రిల్లు మాస్టారి హాజరు పట్టీ

తాలూకా ఫుట్‌బాల్ కప్పు నియమాల కాగితంలో ఒక వాక్యాన్ని డ్రిల్లు మాస్టారు చెప్పింది చెప్పినట్టే రాస్తానని ముప్పై ఏళ్ల కిందట మాటిచ్చాను. నిలబెట్టుకోలేదు. పోయిన మంగళవారం పొద్దున పేపరు చదువుకుంటుంటే పాలెం నుంచి ఫోను వచ్చింది. "సారూ, డ్రిల్లు మాస్టారు పోయినారు. నిద్రలోనే. మీకు ముందు చెప్పమన్నాడు మా నాయన" అంది ఒక అమ్మాయి. ఫోను పెట్టేశాక ఆయన ముఖం కంటే ముందు ఆ వాక్యమే గుర్తొచ్చింది.

ఆయన బోగోలు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న పాలెంలో మిషన్ స్కూలు డ్రిల్లు మాస్టారు. నేను ఆ పక్క ఊళ్లో శాఖా గ్రంథాలయం నడిపినవాణ్ణి. ఫుట్‌బాల్ గురించి మా వైపు గర్వంగా చెప్పుకునేది ఏదైనా ఉంటే, అది ఆయన తొక్కిన ఇసుకలోంచి వచ్చింది. ఈ సంగతి తెలిసినవాళ్లు సమాధుల తోటలో నోరు విప్పలేదు. తెలియనివాళ్లు, తెలిసీ తమ పేరు ఇరికించుకోవాలనుకున్నవాళ్లు మాట్లాడారు. అందుకే రాస్తున్నాను. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. మొహమాటానికి ఇక వ్యవధి లేదు.

ఆయన్ని చూడనివాళ్లకు ఆయన ఎట్లా ఉండేవారో చెప్పాలి. పొట్టి మనిషి. వల అల్లే నైలాను దారానికి కట్టిన ఈల మెడలో ఉండేది. ఆదివారం గుడి నుంచి నేరుగా మైదానానికి వచ్చేవారు. సైకిలు ముందు బుట్టలో బైబిలు, దాని మీద బంతి. ఉప్పుగాలికి తోలు పగలకుండా బంతికి ఆముదం పట్టించేవారు. దాంతో ఆయన చేతులు, చొక్కా, చివరికి బైబిలు అట్ట కూడా ఆముదం వాసనే. ఒకసారి ఫాదరు గారు ఆ వాసన గురించి ఏదో అంటే, "రెండూ పగలకూడదు గదయ్యా" అన్నారట.

ఆయనకు ఒక హాజరు పట్టీ ఉండేది. స్కూలుది కాదు, మైదానానిది. పేపరు అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. రోజూ సాయంత్రం ఆట మొదలయ్యే ముందు తడి ఇసుక మీద పిల్లల్ని వరసగా నిలబెట్టి పేర్లు పిలిచేవారు. స్కూల్లో చదివేవాళ్లు, మానేసినవాళ్లు, పడవ పనికి పోయేవాళ్లు, అందరి పేర్లూ అందులోనే. వేటకు పోయి రానివాడి గడిలో సున్నా పెట్టేవారు కాదు, చిన్న అల గీసేవారు. "సముద్రం మీదుంటే రాకపోయినట్టు కాదు సారూ, ఆడ గూడా కాళ్లు నిలబెట్టుకోవాల గదా" అని నాతో అన్నారు.

అప్పట్లో తాలూకా కప్పు అంటే మూడు రోజుల తిరునాళ్ల. పాతిక ఊళ్ల జట్లు. పేరుకే ఊళ్లవి. స్తోమత ఉన్న ప్రతి ఊరూ మద్రాసు నుంచి ఎనిమిది మందిని, తొమ్మిది మందిని దింపేది. వాళ్లు బస్సు దిగి, బిరియాని తిని, ఆడి, మళ్లీ బస్సెక్కేవాళ్లు. ఊరి కుర్రాళ్లు వాళ్లకు నీళ్లు మోసి, వాళ్ల చొక్కాలు ఉతికి, గట్టు మీద కూర్చుని ఈలలు వేసేవాళ్లు. కప్పు మాత్రం ఊరి చావిట్లో ఏడాది పొడుగునా మెరిసేది. దాన్ని గెలిచినవాడి పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు.

దీన్ని మార్చాలని పట్టుబట్టింది ఒక్క మాస్టారే. మైదానంలో ఉండే పదకొండు మందిలో కనీసం ఆరుగురు మనవాళ్లు ఉండాలని నియమం పెట్టమన్నారు. అప్పటికి నేను కమిటీ కార్యదర్శిని. నాకు కాస్త చదివిన గర్వం ఉండేది. దూరదేశాల లీగుల్లో ఇలాంటి నియమాలపై తెగని వాదాలు నడుస్తున్నాయని పత్రికల్లో చదివి ఉన్నాను. లైబ్రరీలో కూర్చోబెట్టి ఆయనకు అదంతా చెప్పాను. ఓపిగ్గా విని, టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ అడిగారు.

"అంతా బాగుంది సారూ. మనవాడంటే ఎవుడు?"

"ఇక్కడివాడు."

"ఇక్కడివాడంటే?"

ఆయనే చెప్పారు. మా తీరంలో ఒడ్డు నుంచి లాగే పెద్ద వల ఒకటుంటుంది. రెండు పొడుగాటి తాళ్లు ఒడ్డున పట్టుకుని ముప్పై నలభై మంది లాగుతారు. చేపలు పంచేటప్పుడు నువ్వు ఎవరి కొడుకువి, ఏ ఊరివి అని ఎవరూ అడగరు. తాడు మీద చెయ్యి వేసినవాడికి వాటా ఉంటుంది. పనికి వచ్చిన పరాయి ఊరివాడికీ, పట్టీ పట్టనట్టు తాడు పట్టిన ముసలమ్మకీ కూడా ఉంటుంది. వల సొంతదారుడికి మాత్రం పెద్ద వాటా.

"అట్టా రాయండి సారూ. పద్దెనిమిదేళ్లు నిండేలోపల మూడేళ్లు మన మైదానాల్లో ఆడినోడు మనోడు. యాడ పుట్టినాడనేది మనకెందుకు? తాడు పట్టినాడా లేదా."

"అట్లాగే రాస్తాను, మాస్టారూ. ఒక్క అక్షరం మార్చను" అన్నాను.

కాగితం రాసుకుని ఆదివారం మా అన్న ఇంటికి భోజనానికి వెళ్లాను. మా అన్న అప్పుడు కమిటీ ప్రెసిడెంటు. అల్లూరు వైపు రొయ్యల గుంటలు, ఊళ్లో మాట, మనుషుల్ని పేరు పెట్టి పిలిస్తే వాళ్లే లేచి నిలబడేంత గొంతు. నన్ను చిన్నప్పటినుంచీ "పుస్తకాల సామీ" అనేవాడు. వదిన పులుసు వడ్డిస్తుండగా కాగితం చదివి పక్కన పెట్టాడు.

"ఏందిరా ఇది? ఆడినాడని ఎవుడు చెప్పాల?"

"మాస్టారి దగ్గర హాజరు పట్టీ ఉంది అన్నా."

"చొక్కాకి ఆముదం పూసుకునే మనిషి పట్టీ చూసి కప్పు ఇస్తామా? పుట్టిన సర్టిఫికెట్టు ఉండాది గదా, గవర్నమెంటు ముద్రతో. 'ఈ తాలూకాలో పుట్టినవాడు' అని రాయి, సరిపోయె."

"మాస్టారికి మాటిచ్చాను."

"నాకు తమ్ముడివా, ఆయనకా?" అన్నాడు నవ్వుతూనే. వదిన కూడా నవ్వింది. "తిననీండి పాపం, తిన్నాక రాస్తాడు" అంది. తిన్నాక రాశాను.

మా అన్న లెక్క నాకు తర్వాత తెలిసింది. మా వైపు ఆడపిల్ల తొలికాన్పుకు పుట్టింటికి రావడం ఆచారం. మద్రాసులో స్థిరపడిన మా బంధువుల ఆడపడుచులు కావలి ఆసుపత్రిలో కని, మూడో నెలలో బిడ్డను చంకనేసుకుని వెళ్లిపోయినవాళ్లే. ఆ బిడ్డలు అక్కడి పెద్ద స్కూళ్లలో ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. వాళ్ల కాగితాల మీద మాత్రం పుట్టిన ఊరు మనదే. ఆరుగురు మనవాళ్లు కావాలా? మా అన్న నడిపే జట్టులో ఆరుగురూ చుట్టాల పిల్లలే. మిగతా అయిదుగురు ఎప్పటిలాగే బిరియాని ఆటగాళ్లు.

ఇంకో సంగతి ఎవరికీ తట్టలేదు. అంత చదివిన నాకూ తట్టలేదు. పుట్టింటి ఆచారం పాలెంలోనూ ఉంది. అక్కడివాళ్లు సంబంధాలు తీరం వెంబడి దూరంగా, తడ దాటి కూడా చేసుకుంటారు. ఆ తల్లులు కాన్పుకు వాళ్ల ఊళ్లకు వెళ్లి, బిడ్డతో పాలెం తిరిగి వస్తారు. పాకడం దగ్గర్నుంచి పాలెం ఇసుకలోనే. కానీ కాగితం ప్రకారం వాళ్లు పరాయివాళ్లు.

అచ్చయిన నియమాల కాగితం మాస్టారికి అందింది. ఆయన చదవలేదు. మాటిచ్చిన మనిషి రాసిందాన్ని మళ్లీ చదవడం ఎందుకనుకున్నారు. నేను ఆయనకు ఎదురుపడకుండా తిరిగాను.

పాలెం జట్టు ఆ ఏడు మొదటిసారి ఫైనలుకు వచ్చింది. బూట్లు సగం మందికే ఉన్నాయి. వాళ్ల గోల్‌కీపర్‌కు పదహారేళ్లు. తాడిచెట్టులాంటి మనిషి. చేతులు విప్పితే గోలు ఇరుకైపోయేది. మూడు రోజుల్లో వాడి మీద ఒక్క గోలూ పడలేదు. రాష్ట్ర క్రీడా హాస్టలు నుంచి ఎంపికకు ఇద్దరు పెద్దమనుషులు వచ్చి ఉన్నారు, ఫైనలు చూసి పేర్లు రాసుకుంటామన్నారు. వయసు నిబంధన ప్రకారం వాడికి అదే ఆఖరి అవకాశం. వాళ్ల నాన్న పడవ పనిలోకి దింపేందుకు సిద్ధంగా ఉన్నాడు. ఈ సంగతి మాస్టారికి తెలుసు, వాడికి తెలుసు, నాకూ తెలుసు.

ఆట మొదలవడానికి గంట ముందు, ఫైనల్లో వాళ్లకు ఎదురు నిలిచిన మా అన్న జట్టు అభ్యంతరం పెట్టింది. పాలెంవాళ్లు ఎక్కడ పుట్టారో చూపాలంది. మాస్టారు అప్పుడు కాగితం తెరిచి చదివారు. చదివి తలెత్తి నా వైపు చూశారు. సైకిలు మీద స్కూలుకు వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు తెచ్చారు. పోయిందని చెప్పొచ్చు. తాళం దొరకలేదని చెప్పొచ్చు. తెచ్చి, అందరి ముందూ పేరు, పుట్టిన ఊరు పైకి చదివారు. పదకొండు మందిలో నలుగురే ఈ తాలూకాలో పుట్టినవాళ్లు. ఏడుగురు బయట.

పదకొండులో ఆరుగురు మనవాళ్లంటే, బయటివాళ్లు అయిదుగురికి మించకూడదు. బదులు దింపడానికి పాలెంకు వేరేవాళ్లు లేరు, అంటే తొమ్మిది మందితోనే ఆడాలి.

మాస్టారు రిజిస్టరు మూసి మా అన్న దగ్గరకు వచ్చారు. "ప్రెసిడెంటు గారూ, తమరు మీ అమ్మగారి పుట్టింట్లో పుట్టినారంట గదా, ఉదయగిరి కాడ. ఈ లెక్కన తమరు గూడా మనోరు గాదు" అన్నారు. గట్టు మీద జనం నవ్వారు. మా అన్న నవ్వలేదు. "నేను ఆడట్లేదు గదా మాస్టారూ" అన్నాడు.

ఏడుగురిలో ఏ ఇద్దర్ని ఆపాలి? ఎవరైనా గోల్‌కీపర్‌ని ఉంచుకుని ఇంకో ఇద్దర్ని ఆపుతారు. నేనూ అదే సలహా ఇవ్వబోయాను. మాస్టారు ఒప్పుకోలేదు. "వీళ్లలో ఎవుడు ఎక్కువ పరాయోడో నేను చెప్పలేను" అని ఏడు చీటీలు రాసి టోపీలో వేశారు. ఆగాల్సిన ఇద్దరి కోసం రెండు తీస్తే, రెండో చీటీ గోల్‌కీపర్‌ది.

వాడు పసుపు చొక్కా విప్పి, పొట్టిగా ఉండే ఒక బ్యాక్ ఆటగాడికి తొడిగాడు. "ఎత్తు బంతులకి ముందుకి రా, ఎనక్కి పోబాక" అని చెప్పి గట్టు మీదకు వచ్చి కూర్చున్నాడు. మాస్టారు వాడి పక్కన కూర్చున్నారు. తొమ్మిది మంది పదకొండు మందిని ఆట ముగిసే ముందు వరకు ఆపారు. అట్లాంటి ఆట నేను మళ్లీ చూడలేదు. చివర్లో ఒక ఎత్తు బంతి ఆ పొట్టి కుర్రాడి వేళ్ల మీదుగా లోపలికి పోయింది. గట్టు మీద కూర్చున్న గోల్‌కీపర్ చేతులు వాటంతటవే పైకి లేచాయి. ఆ చేతుల్ని నేను చూశాను.

హాస్టలువాళ్లు రాసుకున్న పేర్లలో మా బంధువుల కుర్రాడు ఒకడున్నాడు. వాడు మరుసటి రోజు మద్రాసు వెళ్లిపోయాడు. హాస్టలు ముఖం చూడలేదు. ఆ చోటు ఆ ఏడంతా ఖాళీగానే ఉందని తెలిసింది. నెల తిరక్కుండానే గోల్‌కీపర్ వేటకు పోయాడు. హాజరు పట్టీలో వాడి గళ్ల నిండా అలలే.

ఆ వారంలోనే మాస్టారు లైబ్రరీకి వచ్చారు, తీసుకున్న పుస్తకం తిరిగివ్వడానికి. నేను లేచి నిలబడ్డాను. ఆయన తిడతారని కాదు, తిట్టాలని ఎదురుచూశాను. పుస్తకం బల్ల మీద పెట్టి, "ఆ తాడు మీద చెయ్యేసింది మీరొక్కరే కాదులే సారూ. ఎవురి వాటా వాళ్లకుంటుంది" అన్నారు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, "ఆ వాక్యం మార్చే పని చూడండి. నా కాడ ఇంకా పిల్లకాయలుండారు" అన్నారు.

మూడేళ్లు పట్టింది. మా అన్నను ఒప్పించింది నా వాదనలు కావు. మద్రాసు పిల్లలకు రెండో ఏడు పరీక్షలొచ్చాయి, మూడో ఏడు విసుగొచ్చింది. మా అన్న జట్టే నిండలేదు. అప్పుడు కమిటీలో మాస్టారి హాజరు పట్టీలు బల్ల మీద పరిచి, వాక్యం ఆయన చెప్పినట్టే చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రతి ఊరూ తన మైదానానికి ఒక పట్టీ పెట్టాలని కూడా రాశాం.

ఆ వాక్యం ఏం చేసిందో చూడాలనుకుంటే ఇవాళ సాయంత్రం మా వైపు రండి. మూడేళ్ల హాజరు ఉన్నవాణ్ణి ఎవరూ బస్సులో దింపలేరు. పెంచుకోవాల్సిందే. అందుకని ఊళ్లు పెంచాయి. అల్లూరు వైపు ఎండిపోయిన రొయ్యల గుంటను చదును చేసి మైదానం చేశారు. ఉప్పు కొఠార్ల పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు, తడ పరిశ్రమల్లో పని పోయి తిరిగొచ్చినవాళ్ల పిల్లలు, అందరూ మూడేళ్లు నిలిస్తే మనవాళ్లే.

మొదట్లో మోసాలు లేకపోలేదు. నియమం కోసం ఊరి కుర్రాళ్లు ఆరుగుర్ని ఆడించినట్టే ఆడించి, వాళ్లను మూలల్లో నిలబెట్టి, బంతి బయటి నుంచి దింపుకున్నవాళ్ల మధ్యే తిప్పుకునేవాళ్లు. మాస్టారు దానికీ ఒక ఉపాయం కనిపెట్టారు. ఎడమ జేబు నిండా గవ్వలు పోసుకుని గీత పక్కన కూర్చునేవారు. ఊరి కుర్రాడికి బంతి అందినప్పుడల్లా ఒక గవ్వ కుడి జేబులోకి. ఆట అయ్యాక ఆ జట్టు పెద్ద దగ్గరికి వెళ్లి కుడి జేబులో ఉన్నవి ఆయన అరచేతిలో పోసేవారు. ఒక్కోసారి నాలుగే ఉండేవి. "నిలబెట్టినారు, సంతోషం. బంతి గూడా ఇయ్యండి. ఇయ్యకపోతే వాడికి ఆట ఎట్టా వస్తాది?" ఆ నాలుగు గవ్వలకు ఒక పెద్దమనిషి జనం ముందు తలవంచుకోవడం నేను చూశాను. నియమాల మీద నేను చదివిందంతా కలిపినా ఆ గుప్పెడు గవ్వలంత తేటగా చెప్పలేదు.

ఆయన చేతి కింద ఆడినవాళ్లు రాష్ట్ర జట్టుకు వెళ్లారు. పెద్ద క్లబ్బులకు వెళ్లారు. వెళ్లనివాళ్లు వేరే ఊళ్లలో పిల్లలకు నేర్పుతున్నారు. ఒకసారి ఎవరో ఆయన్ని, మీరు తయారుచేసినవాళ్లలో గొప్పవాడెవరని అడిగారు. "ఆడనోడు ఒకడుండాడు" అన్నారు ఆయన.

ఆ ఆడనివాడు, ఆ గోల్‌కీపర్, ఇప్పుడు పడవ యజమాని. వేట లేని సాయంత్రాల్లో మాస్టారి మైదానంలో చిన్నపిల్లలకు గోలు కాయడం నేర్పుతాడు. మాస్టారి చూపు తగ్గాక హాజరు పట్టీ కూడా అతనే పిలిచేవాడు. అతని కూతురు ఇప్పుడు రాష్ట్ర బాలికల జట్టులో గోలు కాస్తుంది. మంగళవారం నాకు ఫోను చేసింది ఆ అమ్మాయే. ఆ అమ్మాయి కూడా తడ అవతల అమ్మమ్మగారింట్లోనే పుట్టింది. ఎక్కడ పుట్టావని ఏ మైదానంలోనూ ఎవరూ అడగలేదు.

బుధవారం సమాధుల తోట నిండిపోయింది. తెల్ల చొక్కాల పెద్దవాళ్లు, జట్టు చొక్కాల్లో పిల్లలు. పెట్టెలో ఆయన చేతుల మధ్య బైబిలు పెట్టారు. మెడలో ఈల తీయలేదు. మా అన్న కారులో వచ్చాడు. ఎనభై మూడేళ్లు, ఆ గొంతు మాత్రం తగ్గలేదు. ఫాదరు గారి ప్రార్థన తర్వాత రెండు మాటలు చెబుతానని నిలబడ్డాడు. "మన పిల్లకాయలకి చోటుండాలని ఆనాడే పట్టుబట్టి ఆ రూలు పెట్టించినాను. మాస్టారు నాకు కుడిభుజంగా పనిచేసినారు" అన్నాడు. పక్కన ఎవరో విలేకరి రాసుకున్నాడు. మర్నాడు పేపర్లో అట్లాగే వచ్చింది.

తర్వాత పెట్టె దింపడానికి తాళ్లు వేశారు. ఒక్కో వైపు ఆయన శిష్యులే పట్టారు. గోల్‌కీపర్ మా అన్న వైపు ఒకసారి చూశాడు. మా అన్న చేతులు వెనక్కి కట్టుకుని, కారు నీడలోకి నడిచాడు. అప్పుడు అతను నా వైపు తిరిగి తన చేతుల మధ్య తాడు మీద జాగా ఇచ్చాడు.

"రండి సారూ, పట్టండి."

పట్టాను. పాత వల తాడే అది, అరచేతిలో గరగరలాడింది. నా పక్కన ఆ పొడుగాటి చేతులు, నెమ్మదిగా, బంతిని కింద పెట్టినంత మెత్తగా తాడు వదులుతున్నాయి. అవతల కూతురు. పెట్టె ఒక్క కుదుపు లేకుండా ఇసుకలోకి దిగింది. పొట్టి మనిషి, బరువే లేరు.

ఆ ఆదివారం అన్నం తిని కలం పట్టింది నా చెయ్యే. ఆ తప్పులో నా వాటా నాది, ముప్పై ఏళ్లుగా తింటూనే ఉన్నాను. కానీ ఆ వల సొంతదారుడు ఇంకొకడున్నాడు. అతని పెద్ద వాటా ఇప్పటికీ అతను తీసుకోలేదు, నేను మాఫీ చెయ్యలేదు. అతను మా అన్న.